మీకు తెలుసా? నడివీధిలో పశువుల పాక

డిసెంబర్ పడితే చాలు, చర్చి ఉన్న ప్రతి పేటలోనూ డాబాల మీదికి నక్షత్రాలు ఎక్కుతాయి. ఇప్పుడంటే బజార్లో ప్లాస్టిక్‌వి దొరుకుతున్నాయి గానీ, మా చిన్నప్పుడు వెదురు బద్దలు చీల్చి, ఐదు కోణాలుగా కట్టి, రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టేవాళ్ళం. జిగురు కోసం మైదాపిండి ఉడకబెట్టడం అమ్మ పని. పొడుగాటి గడకి కట్టి నిలబెట్టాక ఆ వెలుగు మా ఇంటి మీద కంటే వీధిలోనే ఎక్కువ పడేది. ఎదురింటి మామ్మగారు శనివారం తప్పకుండా వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళే మనిషి. ఆవిడే మా అన్నయ్యని పిలిచి, "ఈసారి ఇంకాస్త ఎత్తులో కట్టరా అబ్బాయ్, సందు మలుపు దాకా కనపడాలి" అనేవారు.

ఒకరి విశ్వాసం ఇలా ఇంట్లోంచి వీధిలోకి వచ్చినప్పుడు ప్రభుత్వం ఏం చేయాలి? చోటివ్వాలా, చూస్తూ ఊరుకోవాలా, అడ్డుపడాలా? క్రిస్మస్ విషయంలో ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది. ఆ దారుల్లో కొన్ని వింతలు, కొన్ని మనసుని తాకే సంగతులు.

● క్రిస్మస్ చేసుకుంటే జరిమానా వేసింది ఎవరో తెలుసా? బైబిల్ తప్ప మరో ప్రమాణాన్ని ఒప్పుకోని ప్యూరిటన్ క్రైస్తవులు. ఇంగ్లండ్ పార్లమెంటు 1647లో క్రిస్మస్‌నీ ఈస్టర్‌నీ కలిపి రద్దు చేసింది. ఆ ఏడాది డిసెంబర్ 25న కాంటర్‌బరీ పట్టణంలో దుకాణాలు తెరవాల్సిందేనని అధికారులు పట్టుబడితే జనం తిరగబడ్డారు. సముద్రం దాటి అమెరికా చేరిన ప్యూరిటన్లు మసాచుసెట్స్‌లో 1659లో చట్టమే చేశారు: ఆ రోజు పని మానేసినా, విందు చేసుకున్నా ఐదు షిల్లింగులు కట్టాలి. 1681లో ఆ చట్టం పోయింది. అక్కడ క్రిస్మస్ సెలవు దినం కావడానికి మాత్రం 1856 దాకా ఆగాల్సి వచ్చింది.

వాళ్ళ వాదన కొట్టిపారేసేది కాదు. ప్రభువు ఫలానా తేదీన పుట్టాడని ఏ సువార్తలోనూ లేదు. డిసెంబర్ 25 అని చెప్పే ఆధారాల్లో మనకు దొరికిన పాతది రోమ్ నగరంలో 354 నాటి ఒక పంచాంగం. పైగా తాగి తందనాలాడటానికి ఆ రోజు ఒక సాకయిందని వాళ్ళ బాధ. వాక్యంలో తేదీ లేదు గనుక మేం క్రిస్మస్ చేయం అనే సంఘాలు మన తెలుగు నేల మీదా ఉన్నాయి. వాళ్ళంటే నాకు గౌరవమే. కానీ తాను మానుకోవడం వేరు, పక్కింటి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో చూడటానికి చట్టాన్ని పంపడం వేరు.

● స్కాట్లండ్‌లో క్రిస్మస్ సెలవు దినం అయింది 1958లో. అప్పటికి మన దేశానికి స్వాతంత్య్రం వచ్చి పదకొండేళ్ళు!

● క్రీస్తు పేరు పలకడం ఇష్టంలేని ఈ కాలం వాళ్ళే 'ఎక్స్‌మస్' అని రాస్తున్నారని చాలామంది విశ్వాసులు నొచ్చుకుంటారు. నిజానికి ఆ ఎక్స్ ఇంగ్లిష్ అక్షరం కాదు. గ్రీకులో క్రీస్తు పేరు మొదలయ్యే 'ఖి' అక్షరం ఆకారం అది. చర్చి మనుషులే వందల ఏళ్ళుగా ఆయన పేరుకి గుర్తుగా వాడుతూ వచ్చారు.

● పశువుల పాకని జనం మధ్యలోకి తెచ్చిన తొలి మనుషుల్లో అందరికీ గుర్తుండేది పునీత అస్సీసీ ఫ్రాన్సిస్. 1223లో క్రిస్మస్ రాత్రి ఇటలీలో గ్రెచ్చో అనే కొండ ఊళ్ళో, ఒక గుహ దగ్గర ఈ ఏర్పాటు చేయించాడు. గడ్డి పరిచిన తొట్టె, నిజమైన ఎద్దు, నిజమైన గాడిద. బంగారం లేదు, పట్టు లేదు. దేవుని కుమారుడు ఎంత లేమిలో పుట్టాడో ఊరి జనం కళ్ళారా చూడాలన్నది ఆయన కోరిక. కాగడాలు పట్టుకుని కొండెక్కి వచ్చినవాళ్ళకి కనిపించింది తమ కొట్టంలో రోజూ చూసే తొట్టే! తరవాత ఎనిమిది వందల ఏళ్ళలో పశువుల పాక మీద ఎన్ని వ్యాజ్యాలు నడిచినా, దాని మొదలు ఇక్కడుందని మరిచిపోకూడదు.

● ఫ్రెంచి విప్లవం రోజుల్లో ఫ్రాన్స్‌లో చర్చిలకు తాళాలు పడ్డాయి. దాంతో ప్రొవాన్స్ ప్రాంతం జనం పశువుల పాకని ఇంట్లోకి తెచ్చుకున్నారు. 'సాంతోన్' అనే చిన్న చిన్న మట్టి బొమ్మల సంప్రదాయం అలా బలపడింది. సాంతోన్ అంటే చిన్ని పునీతుడు. మన బొమ్మల కొలువులో శెట్టిగారూ ఆయన భార్యా కూర్చున్నట్టే, అక్కడ బాలయేసు చుట్టూ చేపలమ్మే ఆవిడ, పిండిమర అతను, కత్తులు సానపట్టే వాడు, డోలు వాయించే వాడు ఉంటారు. బేత్లెహేము కాస్తా తమ ఊరే అయిపోతుంది.

ఆ ఫ్రాన్స్‌లోనే మతాన్నీ ప్రభుత్వాన్నీ వేరుచేస్తూ 1905లో చట్టం వచ్చింది. ప్రభుత్వ భవనాల మీద మత చిహ్నాలు పెట్టకూడదు. మరి మునిసిపల్ ఆఫీసులో పశువుల పాక పెట్టవచ్చా? కింది కోర్టులు తలో మాటా చెప్పాక, 2016 నవంబర్ 9న అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం తేల్చింది: కొంతకాలం పాటు, సంస్కృతిగానో కళగానో పండుగ ముచ్చటగానో అయితే పెట్టవచ్చు, ఒక మతాన్ని ప్రభుత్వం గుర్తిస్తున్నట్టు కనిపించకూడదు. అంటే తొట్టెలో ఉన్నది దేవుడని నమ్మనంత వరకే ఆ తొట్టెకు ఆఫీసులో చోటు. తీర్పులో న్యాయం ఉందని ఒప్పుకుంటాను. కానీ విశ్వాసం ఉన్న మనిషికి ఆ మెట్లెక్కాలని ఎందుకనిపిస్తుంది?

● అమెరికాలో ఈ ముడి ఇంకా బిగుసుకుంది. ప్రభుత్వం ఏ మతాన్నీ నెలకొల్పకూడదని అక్కడి రాజ్యాంగం మొదటి సవరణ. అయినా 1870లో అధ్యక్షుడు గ్రాంట్ సంతకంతో క్రిస్మస్ ఫెడరల్ సెలవు అయింది. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో పాటకెట్ అనే ఊరు ఏటా ఒక పార్కులో బొమ్మలు నిలబెట్టేది. శాంటా ఇల్లు, బండి లాగే రెయిన్‌డీర్లు, క్రిస్మస్ చెట్టు, విదూషకుడు, ఏనుగు, ఎలుగుబంటి, వాటి మధ్య పశువుల పాక. ఊరి సొమ్ముతో కొన్న ఆ పాక చెల్లదని కొందరు కోర్టుకెళ్ళారు. 1984లో సుప్రీంకోర్టు ఐదుగురు ఔనని, నలుగురు కాదని విడిపోయి, పాక ఉండవచ్చని చెప్పింది. కారణం? చుట్టూ అన్ని బొమ్మలున్నప్పుడు అది ఒక మతాన్ని ప్రచారం చేసినట్టు కాదట. లాయర్లు దానికి 'రెయిన్‌డీర్ సూత్రం' అని పేరు పెట్టారు.

ఐదేళ్ళకి, 1989లో, మరో పాక మీద తీర్పు వచ్చింది. పిట్స్‌బర్గ్ కోర్టు భవనం పెద్ద మెట్ల మీద ఒక కథోలిక సంఘం ఇచ్చిన పశువుల పాక విడిగా ఉంది. పక్కన రెయిన్‌డీర్ లేదు, శాంటా లేడు. పైన దేవునికి మహిమ అని పాడుతున్న దేవదూత ఉంది. అది చెల్లదంది అదే సుప్రీంకోర్టు. ఆ ఊళ్ళోనే మరో ప్రభుత్వ భవనం ముందు 45 అడుగుల క్రిస్మస్ చెట్టు పక్కన పెట్టిన యూదుల దీపస్తంభం మాత్రం ఉండవచ్చంది.

ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదివిన ప్రతిసారీ నాకు గుండె బరువెక్కుతుంది. 1984 తీర్పుతో విభేదించిన నలుగురిలో న్యాయమూర్తి హ్యారీ బ్లాక్‌మన్ ఒకరు. ఊరు గెలిచింది గానీ పాక తన అర్థాన్ని పోగొట్టుకుని వ్యాపారానికి పనికొచ్చే అలంకారంగా మిగిలిందన్నది ఆయన రాసినదాని భావం. విశ్వాసుల పక్షాన మాట్లాడింది, పాకను తీసేయమన్న ఆయనే అని నా నమ్మకం.

● అదే అమెరికాలో ఒహాయో లాయరు ఒకాయన, క్రిస్మస్‌కి ప్రభుత్వ సెలవు ఇవ్వడమే రాజ్యాంగ విరుద్ధమని దావా వేశాడు. 1999లో జడ్జి సూజన్ డ్లాట్ దాన్ని కొట్టేస్తూ తీర్పు మొదట్లో ప్రాసలతో పద్యం రాశారు. పై కోర్టూ ఆ తీర్పునే నిలబెట్టింది.

● ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ నగరపాలక సంస్థ క్రిస్మస్ పేరు తీసేసి 'వింటర్‌వల్' అని పెట్టిందన్న మాట ఎప్పుడైనా విన్నారా? అది జరగలేదు. 1997లోనూ 1998లోనూ చలికాలపు వేడుకలన్నిటినీ ఊరి జనానికి పరిచయం చేయడానికి వాడిన ఉమ్మడి పేరు అది. లోపల క్రిస్మస్ క్రిస్మస్‌గానే ఉంది, చెట్టుతో సహా. అయినా పత్రికలు పదేళ్ళకు పైగా ఆ కట్టుకథ అచ్చేశాయి. ప్రచారం చేసిన వాటిలో ఒకటైన డైలీ మెయిల్ 2011 నవంబర్‌లో సవరణ వేసుకుంది. మన పండుగని ఎవరో లాక్కుంటున్నారని వినగానే నమ్మబుద్ధవుతుంది. సత్యమే నన్ను నడిపిస్తుందని చెప్పుకునే మనం వాట్సాప్‌లో వచ్చింది పంపేముందు ఒక్క నిమిషం ఆగాలి.

● నిజంగా లాక్కున్న చోట్లూ ఉన్నాయి. సోవియట్ ప్రభుత్వం క్రిస్మస్‌ని, దానితో పాటు చెట్టునీ వెళ్ళగొట్టింది. 1935 డిసెంబర్ 28న పార్టీ నాయకుడు పావెల్ పోస్తిషెవ్ ప్రావ్దా పత్రికలో రాశాక చెట్టు వెనక్కి వచ్చింది, కొత్త సంవత్సరపు చెట్టుగా. బాలయేసు రాలేదు. రష్యాలో జనవరి 7 క్రిస్మస్ సెలవు తిరిగి వచ్చింది 1991లో. క్యూబాలో 1969లో చెరకు కోతకి అడ్డం వస్తోందని సెలవు తీసేశారు. పోప్ రెండవ జాన్ పాల్ రాక ముందు, 1997లో, మళ్ళీ ఇచ్చారు. అన్నేళ్ళూ తలుపు వేసుకుని ఆ రాత్రి ప్రార్థన చేసుకున్న ముసలివాళ్ళని తలుచుకుంటే, వీధిలో నక్షత్రం కట్టుకోగలగడం ఎంత పెద్ద వరమో తెలుస్తుంది.

● జపాన్‌లో క్రైస్తవులు నూటికి ఒక్కరు. క్రిస్మస్‌కి సెలవు లేదు. అయినా 1974లో కేఎఫ్‌సీ మొదలుపెట్టిన ప్రచారం పుణ్యమా అని ఆ రోజు వేయించిన కోడి తినడం అక్కడ ఎన్నో ఇళ్ళలో ఆనవాయితీ.

● పాకిస్తాన్‌లోనూ డిసెంబర్ 25 జాతీయ సెలవే. ఆ రోజు జిన్నా పుట్టినరోజు. మన దేశంలో అది వాజ్‌పేయి పుట్టినరోజు. 2014 నుంచి సుపరిపాలన దినం కూడా.

● మన రాజ్యాంగ పీఠికలో 'సెక్యులర్' అన్న మాట చేరింది 1976లో. కానీ మన దగ్గర ఆ మాటకి ఫ్రాన్స్ అర్థం లేదు. అన్ని పండుగల్లోనూ ప్రభుత్వం పీట వేసుకు కూర్చుంటుంది. తెలంగాణ ఏర్పడ్డాక రంజాన్‌కి ఇఫ్తార్, బతుకమ్మకి చీరలు, క్రిస్మస్‌కి హైదరాబాద్‌లో ప్రభుత్వ విందు, పేదలకు కొత్త బట్టలు వచ్చాయి. ఆఫీసుల్లో, కాలేజీల్లో పండుగకి వారాల ముందే 'సెమీ క్రిస్మస్'. ఈ మాట ఇంగ్లిష్ నిఘంటువులో దొరకదు, మన పేటల్లో అందరికీ తెలుసు. 25న ఎవరి సంఘంలో వాళ్ళుంటారు కనుక, హిందూ ముస్లిం స్నేహితులతో కలిసి కేకు కోసుకోవడానికి ముందే ఒక రోజు. ఇది నాకు చాలా ఇష్టమైన ఏర్పాటు.

కానీ వేదిక మీద కేకు కోసే చేతులకి ఒక సంగతి గుర్తు చేయాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన దళితుడికి ఈనాటికీ లేదు. అంటరానితనం మాత్రం బాప్తిస్మం తీసుకున్నాడని వదిలిపెట్టదు. అందుకే ఎన్నో ఇళ్ళలో కాగితం మీద ఒక మతం, మోకాళ్ళ మీద ఇంకొకటి. బిడ్డ చదువుకి సర్టిఫికెట్ కావలసిన ఇంటివాడు గుమ్మం మీద నక్షత్రం కట్టే ముందు అటూ ఇటూ చూడాల్సి వస్తుంది. ఇది అన్యాయం. ఆ భయం తీర్చకుండా ఎన్ని విందులు ఇచ్చినా ఆ ఇంటి గుమ్మం చీకటిగానే ఉంటుంది.

● మెదక్ చర్చి కట్టింది ముస్లిం ప్రభువైన నిజాం రాజ్యంలో. మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో పని మొదలుపెట్టారు. కరువు రోజులు. రాళ్ళు మోసినవాళ్ళకి కూలి, తిండి దొరికాయి, వాళ్ళ మతం ఏదైనా. 175 అడుగుల గోపురంతో ఆ మందిరం 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి. వాటిలో ఒకటి క్రీస్తు జననం. మరియమ్మ, పసివాడు, గొల్లలు, జ్ఞానులు అందరూ ఆ అద్దాల్లోనే ఉంటారు. డిసెంబర్ 25న తెల్లవారుజామునే ఆరాధన మొదలవుతుంది. ఆ రోజంతా చుట్టుపక్కల జిల్లాల నుంచి అన్ని మతాల వాళ్ళూ పిల్లల్ని ఎత్తుకుని వస్తూనే ఉంటారు. మీరూ వెళ్ళండి. కాకపోతే పగటిపూట వెళ్ళండి. బయట ఎండ ఉంటేనే ఆ పశువుల పాక కనిపిస్తుంది.