కొల్లేరు పటంలో ఎవరున్నారు?

కొల్లేరు గురించి మాట్లాడే ప్రతివాళ్లూ 'కాంటూరు' అంటారు. ఐదో కాంటూరు, మూడో కాంటూరు. అధికారులు అంటారు, ఎన్నికలొస్తే నాయకులు అంటారు, పేపర్లు రాస్తాయి. లంక గ్రామాల్లో ఈ మాట వినని ఇల్లు లేదు. అయినా అదేంటో విడమర్చి చెప్పేవాళ్లు తక్కువ. చెప్పకపోతే లాభపడేవాళ్లున్నారు కాబట్టి మనమే చెప్పుకుందాం.

సముద్ర మట్టం నుంచి ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలుపుతూ పటం మీద గీసే గీతే కాంటూరు. ఐదో కాంటూరు అంటే ఐదడుగుల ఎత్తున సరస్సు చుట్టూ తిరిగొచ్చే గీత. కొండవాలు మీదయితే రెండడుగుల తేడా అంటే నాలుగు అంగలు. కొల్లేరు అట్లా కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్లెంలా పరుచుకున్న పల్లం అది, వాలు కంటికి ఆనదు. పదో కాంటూరు దాకా లెక్కేస్తే 901 చదరపు కిలోమీటర్లు. ఐదో కాంటూరు దాకా 308. మూడుకు దిగితే 135. గీతను రెండడుగులు కిందికి జరిపితే చాలు, 173 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 43 వేల ఎకరాలు అభయారణ్యం బయటికొస్తాయి. 2008లో రాష్ట్ర అసెంబ్లీ ఐదు నుంచి మూడుకు తగ్గించాలని తీర్మానం చేసినప్పుడు అడిగింది ఇదే. రెండడుగులంటే చిన్న మాటగానే వినపడుతుంది. ఆ 43 వేల ఎకరాలు ఎవరి చేతిలోకి పోతాయన్నది ఆ మాటలో వినపడదు.

1999లో జి.వో. 120తో ఐదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాకెక్కింది, అంటే అంతర్జాతీయంగా కాపాడాల్సిన చిత్తడి నేల అయింది. అసలు సరస్సు లోపల ఏం జరుగుతోందో లెక్కగా చూపించింది మాత్రం ఉపగ్రహ చిత్రాలే. 2001 ఫిబ్రవరి 9న ఐ.ఆర్.ఎస్.-1డి తీసిన చిత్రాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు బృందం పరిశీలించి 2004లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లు లెక్కలోకి తీసుకున్న 245 చదరపు కిలోమీటర్లలో 103 చేపల చెరువులే. నడుస్తున్నవి 1,050, ఎండినవి 38. మిగతాది కొంత వరి, ఎక్కువ భాగం కిక్కిస, గుర్రపుడెక్క. తేట నీరు ఎక్కడా కనపడలేదు. ఊళ్లో పెత్తందారు కాదన్నా ఆకాశం నుంచి తీసిన బొమ్మ కాదనదు. ఆ మేలు ఒప్పుకోవాలి.

అయితే ఆ బొమ్మ ఏం చూడలేదో కూడా అడగాలి. ఆ చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద 23.5 మీటర్ల చదరం. మన లెక్కలో 13 సెంట్ల పైచిలుకు. 2020లో ప్రభుత్వం పేదలకిచ్చిన ఇళ్ల స్థలం పల్లెలో సెంటున్నర. అంటే దళితవాడలో ఎనిమిది తొమ్మిది ఇళ్లు కలిపి ఒక్క చుక్క! చెరువు పెద్దది, అది కనపడుతుంది. కానీ ఎవరి చెరువో కనపడదు.

1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం వడ్డి కులస్తులకు, దళితులకు సొసైటీలు కట్టి ఇక్కడ చెరువులిచ్చింది. చెరువు సాగంటే పిల్ల, మేత, డీజిలు, అన్నీ డబ్బే. అప్పు పుట్టలేదు. లీజు కాగితం మీద సంతకం పెడితే చేతికి నాలుగు రూపాయలొచ్చాయి. కాగితంలో సొసైటీ, గట్టు మీద బయటి పెట్టుబడి, రాత్రిపూట కాపలా సొసైటీ సభ్యుడే. ఇవికాక పెద్దవాళ్లు సొంతంగా ఆక్రమించి తవ్వినవి వేరే. పటంలో అన్నిటికీ ఒకటే రంగు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో 'ఆపరేషన్ కొల్లేరు' జరిగినప్పుడు గట్లన్నీ ఒకే లెక్కన తెగాయి. లీజుదారు నష్టపోలేదా? పోయాడు. అతనికి మెరక మీద పొలం ఉంది, ఊళ్లో మిల్లు ఉంది. సభ్యుడికి పట్టా తప్ప ఏమీ లేదు, ఆ పట్టా గీత లోపల ఉండిపోయింది. తర్వాతి ఏళ్లలో చెరువులు మళ్లీ లేచాయి. వాటిని లేపగల డబ్బు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

అంతమాత్రాన గీత వద్దని కాదు. సరస్సు నిలవాల్సిందే. వలా మావూ వేసుకుని బతికేవాడికి చెరువు గట్టే మొదటి అడ్డం. విజయవాడకూ ఇది దూరపు సంగతి కాదు. నగరం అంచున పారే బుడమేరు చివరికి కలిసేది కొల్లేరులోనే, అక్కడి నుంచి ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి. 2024 సెప్టెంబరులో సింగ్ నగర్ మునగడానికి తక్షణ కారణం బుడమేరు గట్లకు పడ్డ గండ్లు. కానీ పైన వాగును, కింద సరస్సును రెండువైపులా ఇరుకు చేసుకుంటూ వచ్చాక నీళ్లు ఎటు పోతాయి? పల్లపు కాలనీల్లోకే.

కాబట్టి మన పటం మనం గీసుకోవాలి. 2006 అటవీ హక్కుల చట్టం అడవి భూమి అన్నప్పుడు అభయారణ్యాన్నీ కలిపే చెప్పింది. నీటి వనరుల్లో చేపల మీద ఉమ్మడి హక్కును సెక్షన్ 3లో రాసింది. గిరిజనేతరులకు షరతు కఠినం. 2005 డిసెంబరు 13కి ముందు మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అక్కడే ఉండి దాని మీదే బతుకుతున్నట్టు చూపాలి. సాక్ష్యంగా పెద్దల వాంగ్మూలం పనికొస్తుంది. పాత బావి, శ్మశానం కూడా పనికొస్తాయి. ఉపగ్రహ చిత్రం మిగతా సాక్ష్యాలకు తోడే తప్ప వాటి స్థానంలో పెట్టకూడదని 2012 సవరణ నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. ఉద్యమంలో ఉన్నవాళ్లు ఈ ఒక్క ముక్క కంఠతా పట్టాలి.

పనికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. సర్వే ఆఫీసు నుంచి గ్రామ పటం, ఎఫ్.ఎం.బి. నకళ్లు తీసుకోవాలి. వాటి మీద దోనెలు పోయే దారి, మావులు పెట్టే చోట్లు, పశువుల మేత, శ్మశానం, నీళ్లు దిగాక వరి వేసిన తావులు, సొసైటీ చెరువు హద్దు గుర్తించాలి. చెరువు పక్కన పట్టా ఎవరిది, లీజు ఎవరిది, కూలి ఎవరిది అని మూడు గడులు రాయాలి. ప్రభుత్వ పటంలో లేనివి ఈ మూడు గడులే. ఆడవాళ్లను అడగకుండా గీస్తే సగం పటమే వస్తుంది. గడ్డికి, పుల్లలకు, నత్తలకు తిరిగే దారులు వాళ్లకే తెలుసు. వేసవిలో నీళ్లు తగ్గినప్పుడు మొదలుపెడితే పాత గట్లు, కాలిబాటలు బయటపడి ఉంటాయి. ఒక ప్రతి గ్రామసభలో హక్కుల కమిటీకిచ్చి రసీదు తీసుకోవాలి, ఇంకొకటి వాడలోనే ఉంచుకోవాలి.