షాప్‌లిఫ్టర్ ఎత్తిందేమిటి?

కొట్లో సరుకు బేరమాడుతున్నట్టు నటించి, డబ్బివ్వకుండా పట్టుకుపోవడాన్ని ఇంగ్లీషులో షాప్‌లిఫ్టింగ్ అంటారు. షాపు సరే, ఈ ‘లిఫ్ట్’ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎత్తడానికీ దొంగతనానికీ ఏమిటి సంబంధం? ఇది నాకు చాలాకాలంగా ఉన్న కుతూహలం.

జవాబు షేక్స్‌పియర్ కాలంనాటి లండన్‌లో దొరికింది. రాబర్ట్ గ్రీన్ అనే రచయిత 1591-92లో ఆ నగరపు మోసగాళ్ళ గుట్టు రట్టు చేస్తూ చిన్న చిన్న పుస్తకాలు వేశాడు. వాళ్ళ పరిభాషలో ‘లిఫ్ట్’ అంటే దొంగ. పెద్దమనిషిలా ముస్తాబై బట్టల కొట్టుకి వస్తాడు. పైకోటు మాత్రం వేసుకోడు. దాచుకునే చోటే లేదని కొట్టువాడు నమ్మాలిగా! ఈ పట్టు బాగాలేదు, ఆ మఖమల్ చూపించు అంటూ తానులన్నీ దింపిస్తాడు. గుమాస్తా అటు తిరగ్గానే ఒక తాను పక్కనున్న ‘మార్కర్’ చేతికి, అక్కణ్ణుంచి వీధిలో కాచుకున్న ‘సాంటర్’ కోటు కిందికి! ఇక ఎంత సోదా చేసినా లిఫ్ట్ దగ్గర ఏం దొరుకుతుంది? ఆ సొత్తుకి వాళ్ళు పెట్టుకున్న పేరు ‘గార్బేజ్’, అంటే చెత్త! ఎత్తామన్నారు, ఎత్తింది చెత్తేనన్నారు. మాటతోనే నేరం సగం తేలికైపోయింది.

చట్టం మాత్రం తేలిగ్గా తీసుకోలేదు. 17వ శతాబ్దం చివరికి లిఫ్ట్ ముందు షాపు చేరింది. 1699 నాటి ఇంగ్లండు చట్టం ప్రకారం కొట్లో రహస్యంగా ఐదు షిల్లింగులు, ఆపైన విలువచేసే సరుకు తీస్తే ఉరే! మనసొప్పని జ్యూరర్లు ఖరీదైన సరుకుని కూడా నాలుగు షిల్లింగుల పది పెన్నీలని లెక్కకట్టి ప్రాణాలు కాపాడేవారు. ఈ ఉరి తీసెయ్యాలని 1810లో శామ్యూల్ రోమిలీ తెచ్చిన బిల్లుని కామన్స్ ఒప్పుకుంటే ప్రభువుల సభ తోసిపుచ్చింది. 1820 తర్వాతగాని ఆ శిక్ష పూర్తిగా పోలేదు.

మాటల గారడీలో మనవాళ్ళూ తక్కువ తినలేదు. దొంగబుద్ధికి ‘చేతివాటం’ అని పేరు పెట్టాం. లిఫ్ట్‌కి అచ్చంగా సరిపోయే ‘లేపేయడం’ ఉండనే ఉంది. లైబ్రరీ పుస్తకంలోంచి పరీక్షకి పనికొచ్చే పేజీలు చింపుకుపోయిన మిత్రుడు ‘లేపేశాన్రా’ అని నవ్వుతూ చెప్తాడు. ‘దొంగిలించాను’ అనమంటే నోరు పెగలదు. నాలుగు వందల ఏళ్ళ క్రితం లండన్ దొంగల కిటుకూ ఇదే. వచ్చే ఏడు ఆ పుస్తకం తెరిచి, పాఠం వెతుక్కునే జూనియర్‌కి మాత్రం మనం ఏ మాట వాడినా ఒకటే.