గుడ్డ కదలని కుట్టు మిషను

పెబ్బేరు ప్రాంతపు గ్రామములలో కుట్టు మిషను కేవలము గృహోపకరణము కాదు. పెక్కు కుటుంబములకు అది జీవనాధారము. హైదరాబాదు, కర్నూలుల నడుమ 44వ జాతీయ రహదారిపై నున్న ఈ పట్టణపు సంతకు చుట్టుప్రక్కల పల్లెల ప్రజలు వచ్చుచుందురు. గుడ్డ కొన్నవారికి కుట్టువారు కావలెను గదా! ఇది గాక, 2024లో తెలంగాణ ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలల విద్యార్థుల యూనిఫారములు కుట్టు పనిని మహిళా స్వయం సహాయక సంఘములకు అప్పగించినది. ఇట్టి పనులకు గడువుండును. గడువులోపల మిషను మొరాయించినచో కూలియు పోవును, ఇచ్చిన మాటయు పోవును.

మిషనుకు వచ్చు చిక్కులలో ఒకటి మిక్కిలి విసుగు పుట్టించునది. చక్రము తిరుగును, సూది దిగును, లేచును. కాని గుడ్డ మాత్రము కదలదు. కుట్లన్నియు ఒకేచోట పడి ఉండకట్టును. అప్పుడు కొందరు గుడ్డను చేతితో గుంజుదురు. ఇది తగదు. సూది వంగి, ప్లేటునకు తగిలి విరుగును. మరికొందరు మిషను పాతబడినదని తలంచి తక్కువ ధరకు అమ్మివేయుదురు. నిజమునకు ఈ దోషము చాలమారులు ఇంటిలోనే సరిచేసికొనదగినది.

గుడ్డ ఎట్లు కదలును?

సూది క్రింద ప్లేటు చీలికలలో రంపపు పళ్ళ వంటి ఇనుప పళ్ళు కనుపించును. ఇవి నాలుగు కదలికలు చేయును: పైకి లేచును; గుడ్డను పట్టి ఆవలికి త్రోయును; క్రిందికి దిగును; మరల యథాస్థానమునకు వచ్చును. ఈ ఏర్పాటునకు అమెరికా దేశస్థుడైన ఆలెన్ విల్సన్ 1854లో పేటెంటు పొందెను. నేటికిని మన ఇండ్లలోని మిషనులు ఈ సూత్రము ననుసరించియే పనిచేయుచున్నవి. పై నుండి గుడ్డను అదిమిపట్టు ఫుట్, క్రింద నుండి త్రోయు పళ్ళు, ఈ రెండును కలసి పనిచేసిననే గుడ్డ సాగును.

కాగితముతో పరీక్ష

ముందుగా ఫుట్ దించితిమా లేదా చూచుకొనవలెను. తరువాత పై దారమును, బాబిన్‌ను తీసివేసి, ఫుట్ క్రింద ఒక కాగితపు ముక్క నుంచి చక్రమును చేతితో తమ వైపునకు మెల్లగా త్రిప్పవలెను. కాగితముపై రంధ్రములు సమాన దూరములో పడినచో పళ్ళు బాగుగానే యున్నవి. దోషము దారములో నున్నది. అనగా ప్లేటు క్రింద దారము చిక్కుకొని గుడ్డను బిగించుచున్నదన్నమాట. షటిల్ భాగములో చిక్కిన దారపు ముక్కలను తీసి, ఫుట్ పైకెత్తి పై దారమును మొదటి నుండి మరల ఎక్కించవలెను.

రంధ్రములన్నియు ఒకేచోట పడినచో దోషము గుడ్డను నడుపు భాగములలో నున్నది. అప్పుడు కాగితమును తీసి, ఫుట్ పైకెత్తి, చక్రమును త్రిప్పుచు పళ్ళను పరిశీలింపవలెను.

1. పళ్ళు ప్లేటు పైకి రానిచో: ఎంబ్రాయిడరీ కొరకు పళ్ళను దించు ఏర్పాటు కొన్ని మిషనులకు కలదు. ఆ పని ముగిసిన పిదప వాటిని మరల ఎత్తుట మరచియుండవచ్చును. అట్లు కానిచో, ప్లేటు క్రింద నూలు పీచు పేరుకొనియుండును.

2. పళ్ళు లేచినను ముందు వెనుకలకు కదలనిచో: కుట్టు పొడవును నిర్ణయించు మీట సున్న వద్ద నున్నదేమో చూడవలెను. సాధారణముగా ఆ మీట నడుమ నున్నచో గుడ్డ కదలదు. క్రిందికి దించినచో ముందుకు, పైకెత్తినచో వెనుకకు కుట్టు పడును.

3. పళ్ళు సరిగా కదలినను గుడ్డ సాగనిచో: ఫుట్ అదుము చాలలేదన్నమాట. ఫుట్ కడ్డీ పైనున్న మరను కుడివైపునకు కొంచెము బిగింపవలెను. మందపు గుడ్డకు అదుము ఎక్కువగాను, పట్టు వంటి పలుచని గుడ్డకు తక్కువగాను ఉండవలెను. గద్వాల చీరకు నూలు నేత, పట్టు అంచు కలవు గనుక, ఫాల్ కుట్టునపుడు ముందుగా వేరొక ముక్కపై సరిచూచుకొనుట మేలు.

అదుము పెంచినను ఫలితము లేనిచో పళ్ళను వ్రేలితో తాకి చూడవలెను. మొనలు అరిగి నునుపెక్కినచో మార్పించక తప్పదు. గుడ్డ లేకుండ ఫుట్ దించి మిషను త్రొక్కుట వలన పళ్ళు త్వరగా అరుగును. కుట్టు నేర్చుకొను బాలికలకు ఈ సంగతి ముందే చెప్పవలెను.

శుభ్రపరచుట

మోటారు గల మిషనుకు కరెంటు ప్లగ్గు తీసివేయవలెను. కాలి మిషనుకు బెల్టు తప్పింపవలెను. సూదిని, ఫుట్‌ను తొలగించి, ప్లేటు మరలు విప్పి, పళ్ళ నడుమ గట్టిపడిన పీచును చిన్న బ్రష్షుతోను, సూదిమొనతోను తీయవలెను. నోటితో ఊదరాదు, తేమ తగిలి ఇనుము త్రుప్పు పట్టును.

కొబ్బరినూనె, వేరుసెనగ నూనె వంటివి మిషనుకు వేయరాదు. అవి కొంతకాలమునకు జిగురై కీళ్ళను పట్టివేయును. అట్లు పట్టినచో ఒకటి రెండు చుక్కల కిరసనాయిలు వేసి చక్రము త్రిప్పి, మురికిని తుడిచి, పిదప మిషను నూనె వేయవలెను. ఆ సమయమున దీపము, పొయ్యి దగ్గర నుండరాదు. పిమ్మట పనికిరాని గుడ్డపై కొంతసేపు కుట్టినచో నూనె మరకలు మంచి గుడ్డకు అంటవు.

ఇన్నియు చేసినను గుడ్డ కదలనిచో పళ్ళ ఎత్తు తప్పియుండును, లేదా లోపలి మరలు వదులై యుండును. అప్పుడు మెకానిక్కునకు చూపుటయే మంచిది. ఏ పరీక్షలో ఏమి కనుపించినదో చెప్పినచో అతని పని సులువగును, అనవసరపు ఖర్చు తప్పును.

కుట్టుపనినే వృత్తిగా గలవారు మరియొక సంగతి గమనింపవలెను. కేంద్ర ప్రభుత్వము 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకము వర్తించు 18 వృత్తులలో దర్జీపని కూడ కలదు. పనిముట్ల కొరకు 15,000 రూపాయల వరకు సహాయము ఆ పథకములో ఏర్పాటు చేయబడినది.

గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని పెద్దలందురు. వారమున కొకమారు బ్రష్షు, రెండు చుక్కల నూనె, కొంచెము ఓపిక ఉన్నచో ఇంటి మిషను ఏండ్ల తరబడి అన్నము పెట్టును.