ఉప్పుగాలి ఊళ్లో ఇంటి కంచె

ఇంటి చుట్టూ కంచె వేసుకోవడం సాధారణంగా యజమాని సొంత వ్యవహారంగానే కనిపిస్తుంది. స్థలం తనది, ఖర్చు తనది, ఎత్తూ రంగూ తన ఇష్టం. అయితే పూర్వకాలపు ఇళ్లూ వీధులూ చెక్కుచెదరకుండా నిలిచిన సముద్రతీర పట్టణాలలో ఈ లెక్క చెల్లదు. అక్కడి కంచె ఒకవైపు వీధి అందానికి సంబంధించిన విషయమైతే, మరొకవైపు ఉప్పుగాలికీ తుపానుకూ కదిలే ఇసుకకూ తట్టుకొని నిలవవలసిన కట్టడం. చట్టం విధించే కట్టుబాట్లు, సముద్రం పెట్టే పరీక్షలు వేర్వేరుగా కనిపించినా, చాలావరకు రెండూ ఒకే రకమైన కంచెను కోరుతాయన్న సంగతి అమెరికాలోని నాన్‌టకెట్ దీవిని పరిశీలిస్తే తేటతెల్లమవుతుంది.

మసాచుసెట్స్ రాష్ట్ర తీరానికి సుమారు 48 కిలోమీటర్ల దూరంలో అట్లాంటిక్ సముద్రంలో ఉన్న ఈ దీవి, దీపాలు వెలిగించడానికి తిమింగలాల నూనె వాడిన కాలంలో ఆ వేటకు ప్రపంచంలోనే పేరుపొందిన రేవు. 1846లో జరిగిన పెద్ద అగ్నిప్రమాదంలో రేవు దగ్గరి వ్యాపారకేంద్రం కాలిపోయింది. ఆ తరువాత తిమింగలాల వేట క్షీణించి, జనం వలసపోయారు. పాత ఇళ్లను పడగొట్టి కొత్తవి కట్టుకొనే స్తోమత లేకపోవడం వల్లనే, అమెరికా అంతర్యుద్ధానికి ముందు కట్టిన ఇళ్లు అక్కడ 800కు పైగా మిగిలాయి. పర్యాటకంతో తిరిగి డబ్బు వచ్చాక వాటిని కాపాడుకోవలసిన అవసరం ఏర్పడింది. నగర వారసత్వ రక్షణకు అమెరికాలో 1931లోనే చార్ల్స్‌టన్ పట్టణం తొలి చట్టం చేసుకోగా, నాన్‌టకెట్ 1955లో ‘చారిత్రక ప్రాంత సంఘాన్ని’ ఏర్పరచుకొని, తరువాత దాని పరిధిని దీవి అంతటికీ విస్తరింపజేసింది.

దీవి ప్రజలు ఎన్నుకొనే ఈ సంఘం ఇంటి బయటి రూపాన్ని పరిశీలిస్తుంది. ఇంటి లోపలి మార్పులు దాని పరిధిలోకి రావు కాని, వీధిలోనికి కనిపించే కంచె తప్పక వస్తుంది. కంచె వేయదలచినవారు స్థలం పటం, కంచె బొమ్మ, ఎత్తు, వాడే సామగ్రి, రంగు చూపుతూ దరఖాస్తు పెట్టుకొని ఔచిత్య ధ్రువపత్రం పొందాలి. అంటే ప్రతిపాదించిన నిర్మాణం పరిసరాలకు తగినదేనని సంఘం ఇచ్చే రాతపూర్వక అంగీకారం పొందాలి. సాధారణంగా పట్టణంలో ఇంటి ముందు తెల్లరంగు వేసిన పొట్టి పికెట్ కంచె, అంటే నిలువు బద్దలను సందులు విడిచి కొట్టిన దడి ఒప్పుతుంది. పెరటి వైపు రంగు వేయని పలకల కంచె, ఊరి వెలుపల చీల్చిన దుంగలను అడ్డంగా దూర్చిన మోటు కంచె ఒప్పుతాయి. ఇనుప వల, ప్లాస్టిక్ పలకలు ఆ వీధులకు అతకవు. ముందు కంచె పొట్టిగా ఉండాలనడంలో ఉద్దేశం స్పష్టం: ఇంటి ముఖం, తోట దారిన పోయేవారి కంటికి దాగకూడదు.

ఈ పాత పద్ధతి అలంకారం కోసం మాత్రమే పుట్టినది కాదు. గాలి వేగం రెట్టింపైతే అది కంచెను నెట్టే బలం నాలుగు రెట్లవుతుంది. సందు లేని ఎత్తైన పలకల కంచె ఆ బలాన్నంతా తానే మోసి తుపానులో గుంజలతో సహా పడిపోతుంది. సందులున్న పొట్టి దడి మాత్రం గాలిని తన గుండా పోనిచ్చి నిలుస్తుంది. బద్ద కొనను మొనదేల్చడంలో కూడా ప్రయోజనం ఉంది; చెక్క అడ్డుకోత ముఖం నీటిని త్వరగా పీల్చుకొంటుంది కాబట్టి, వాలుగా కోసిన కొన మీద వాన నిలవక జారిపోతుంది, కుళ్లు ఆలస్యమవుతుంది.

సముద్రపు గాలిలో అన్నిటికన్నా ముందు దెబ్బతినేది మేకు. గాలిలోని ఉప్పు లోహంపై పేరుకొని తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి వాన లేని రోజున కూడా తుప్పు సాగుతూనే ఉంటుంది. ఆ కంచెలకు మేలైన సీడర్ చెక్కలో టానిన్లు అనే సహజ రసాయనాలు ఉండి పురుగునూ కుళ్లునూ కొంతవరకు అడ్డుకొంటాయి; కాని అవే ఇనుముతో కలిసి ప్రతి మేకు కింద నల్లని చార దింపుతాయి. అందువల్ల తీరంలో మాలిబ్డినం కలిపిన 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మేకులు వాడడం ఉత్తమం. రాగి లవణాలు ఎక్కించిన శుద్ధిచేసిన కలపను గుంజలకు వాడినా మామూలు ఉక్కు త్వరగా తినుకుపోతుంది.

గుంజ పొడవులో సుమారు మూడో వంతు భూమిలో ఉండాలన్నది పనివారి సూత్రం. చలికాలంలో నేలలోని నీరు గడ్డకట్టి ఉబ్బి, లోతు తక్కువైన గుంజను పైకి నెట్టేస్తుంది. మసాచుసెట్స్‌లో ఇంటి పునాదులకు 4 అడుగుల లోతు పాటించడానికి కారణం ఇదే. గొయ్యి అడుగున కంకర పరిస్తే నీరు నిలవదు. తవ్వే ముందు 811 నంబరుకు తెలియజేస్తే భూగర్భంలోని గ్యాసు గొట్టాలు, విద్యుత్ తీగలు ఎక్కడున్నాయో గుర్తులు పెడతారు. స్థలం ఇసుక దిబ్బలకో చిత్తడి నేలకో 100 అడుగుల లోపు ఉంటే, రాష్ట్ర చిత్తడి నేలల రక్షణ చట్టం ప్రకారం స్థానిక పర్యావరణ సంఘాన్ని కూడా సంప్రదించాలి. ఎందుకంటే ఇసుక కదలికనూ వరద నీటినీ అడ్డగించే కంచె పక్కవారి తీరాన్ని కోతకు గురిచేయగలదు.

తెలుగు తీరానికీ ఈ విషయం దూరమైనది కాదు. భారతదేశంలో కేంద్ర రక్షణలో ఉన్న ప్రాచీన కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆపై మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. సముద్ర తీరానికి వేరుగా తీర నియంత్రణ నిబంధనలున్నాయి. భీమునిపట్నం వంటి పాత రేవుల్లో ఇంటి గేటు తుప్పును ఎరుగనివారు ఉండరు. అటువంటి చోట ప్రహరీ కట్టదలచినవారు మేస్త్రీని పిలవడానికి ముందే స్థలం ఏ నిబంధన కిందికి వస్తుందో తెలుసుకోవాలి, వీధిలో మిగిలిన పాత గోడలనూ దడులనూ ఒకసారి పరిశీలించాలి. అక్కడి గాలికీ ఉప్పుకూ తట్టుకొని నిలిచిన పద్ధతి ఏదో అవే చెబుతాయి. ఆ పద్ధతిని పాటిస్తే కంచె ఎక్కువ కాలం నిలుస్తుంది, ఊరి రూపం కూడా నిలుస్తుంది.