సెలవుపై వచ్చినవాడు ముసాఫిరా?

మొన్న జొహర్ నమాజు అయ్యాక మస్జిదు వరండాలో ఒక మనిషి నా కోసం ఆగి ఉన్నాడు. సలాం చెప్పి రెండు చేతులా నా చేతులు పట్టుకున్నాడు. ఎప్పుడో చిన్నప్పుడు నా దగ్గర నాజిరా ఖుర్ఆన్ చదువుకున్న పిల్లవాడు. ఇప్పుడు గడ్డంలో అక్కడక్కడా తెల్ల వెంట్రుకలు. పద్నాలుగేళ్ళుగా కువైట్‌లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు.

"ఉస్తాద్, ఒక మస్లా అడగాలి" అన్నాడు. "ఈసారి నాకు సెలవు పన్నెండు రోజులే. పదిహేను రోజులకంటే తక్కువ ఉండేవాడు ముసాఫిర్ అని మీరే చెప్పారు. మరి ఇంట్లో చదివేటప్పుడు నేను నాలుగు రకాతులు చదవాలా, రెండా?"

మస్లా తేలికైనదే. మన హనఫీ ఫిఖహ్‌లో వతన్ అంటే నివాసం ఒకే రకం కాదు. మనిషి పుట్టి పెరిగి, ఆలుబిడ్డలతో స్థిరపడిన ఊరు వతనె అస్లీ. బతుకుతెరువు కోసం పోయి పదిహేను రోజులు, అంతకు మించి ఉండాలని నియ్యత్ చేసుకున్న ఊరు వతనె ఇఖామత్. వతనె అస్లీలో అడుగుపెట్టినవాడు ఒక్క గంట ఉన్నా ముఖీమే, పూర్తి నమాజు చదవవలసిందే. "పన్నెండు రోజులు కాదు బాబూ, ఒక్క పూట కోసం వచ్చినా నువ్వు ఇక్కడ ముసాఫిర్‌వి కావు. నాలుగు రకాతులు చదువు" అని చెప్పాను.

అతను తల వంచుకుని కాసేపు ఊరుకున్నాడు. తర్వాత నవ్వుతూనే అన్నాడు: "షరీఅత్ అలా అంటుంది ఉస్తాద్. మా ఇంట్లో మాత్రం అమ్మీ నాకు పెట్టెలో దాచిన దుప్పటి తీసి పరిచింది, మెహమాన్లకు వేసేది. పప్పన్నం పెట్టమంటే రోజూ బిర్యానీయే. పెద్దపిల్లను బడి మార్చారట, నాకు వచ్చాకే తెలిసింది."

ఆ మాట నన్ను వదలడం లేదు. అందుకే ఈ వారం ఇది రాస్తున్నాను.

కడప, రాయచోటి, రాజంపేట వైపు కువైట్ ముఖం చూడని వీధి లేదు. నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వైపు దుబాయి, సౌదీ. గోదావరి జిల్లాల నుండి, మన సీమ నుండి ఇంటి పనికి పోయిన ఆడవారూ వేలల్లో ఉన్నారు. కువైట్‌లో ప్రతి పదిమందిలో ఏడుగురు పరాయి దేశీయులే, వారిలో భారతీయులే అందరికంటే ఎక్కువ, దాదాపు పది లక్షలు. అంతమంది ఉన్నచోట పరాయితనం తెలియదేమో అనుకుంటాం. కానీ తెల్లవారి లేస్తే తెలుస్తుంది.

మొదట తెలిసేది కాగితంతో. ఇఖామా అనే మాట వినగానే మనకు నమాజుకు ముందు పలికే ఇఖామత్ గుర్తుకొస్తుంది. మూలం ఒకటే: నిలబడటం, నిలపటం. కానీ అక్కడ ఇఖామా మనిషిని నిలబెట్టేది కఫీల్ సంతకం ఉన్నంతవరకే. పద్నాలుగేళ్ళున్నా, ముప్పై ఏళ్ళున్నా గడువు తీరినప్పుడల్లా రెన్యూవల్ చేయించుకోవలసిందే. అక్కడ పుట్టిన బిడ్డకైనా పౌరసత్వం రాదు, తండ్రి ఇఖామా పోతే బిడ్డా మూట కట్టుకోవలసిందే. వతనె ఇఖామత్ ప్రయాణంతో రద్దవుతుందని ఫిఖహ్ చెబుతుంది, వతనె అస్లీ మాత్రం ప్రయాణంతో రద్దు కాదు. కువైట్ చట్టమూ ఇంచుమించు ఇదే చెబుతోంది. 2025 జనవరిలో అమలులోకి వచ్చిన కొత్త నివాస చట్టం కింద ఇంటి పనివారు నాలుగు నెలలు మించి బయట ఉంటే, యజమాని ముందుగా అనుమతి తీసుకోకపోతే, ఇఖామా పోతుంది. 2025 జూలై 1 నుండి కంపెనీల్లో పనిచేసే పరాయివారు దేశం దాటాలంటే యజమాని అనుమతి కావాలన్న నియమం వచ్చింది. తల్లికి బాగాలేదని కబురు వస్తే టికెట్ కొనడం కాదు, ముందు అనుమతి రావాలి.

నాకు ఇది పుస్తకంలో చదివి తెలిసింది కాదు. 1997లో మదర్సా చదువు ముగించి, ఇంట్లో అప్పు తీర్చడానికి నేనూ రెండేళ్ళు కువైట్‌లో ఒక బకాలాలో, అంటే కిరాణా దుకాణంలో, పనిచేశాను. పాస్‌పోర్టు కఫీల్ ఇంట్లో పెట్టెలో ఉండేది. అబ్బాజాన్ వఫాత్ కబురు దుకాణం ఫోనుకు వచ్చింది, ఊళ్ళో ఎస్‌టీడీ బూత్ నుండి మా మేనమామ చేశారు. ఆ రోజు కఫీల్ దేశంలో లేడు. తిరిగి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. అప్పటికి ఊళ్ళో ఖననమూ అయింది, జియారత్ కూడా అయింది. పక్క మస్జిదు ఇమాం సాబ్ అరబ్బు, దయగల మనిషి, విషయం తెలిసి గాయిబానా జనాజా నమాజు చదివిస్తానన్నారు. వారి మజ్‌హబ్‌లో అది ఉంది, మన హనఫీలలో లేదు. ఆ సాయంత్రం సఫ్‌లో నేను నిలబడ్డానా లేదా అన్నది అల్లాహ్‌కు, నాకు మధ్య ఉన్న విషయం.

పాస్‌పోర్టు పనివాడి దగ్గరే ఉండాలని ఇప్పుడు అక్కడి చట్టమే అంటోంది. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఇంటి పనివారికి వారానికొక రోజు సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, ఏటా జీతంతో కూడిన సెలవు రాసిచ్చింది. 2016లో కనీస జీతం 60 దీనార్లు అన్నారు. చట్టం మంచిదే. అయితే ఇంటి నాలుగు గోడల మధ్య పనిచేసేవారి దగ్గరకు చట్టం నడిచి రాదు, దాన్ని అడిగి తెచ్చుకోవాలి. అడగాలంటే అది ఉందని ముందు తెలియాలి. అందుకే పోయేవారి ఇంట్లో చదువుకున్న పిల్లలెవరైనా ఈ సంగతులు వారికి చదివి వినిపించాలి. పదో తరగతి పాసుకాని వారికి ఈసీఆర్ పాస్‌పోర్టు ఉంటుంది, వారు వలస అధికారి అనుమతితోనే పోవాలి. 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా ఆ దారిలో పోయినవారికే. ముప్పై ఏళ్ళు నిండని ఆడవారిని ఇంటి పనికి పంపడానికి మన ప్రభుత్వం ఒప్పుకోదు. విజిట్ వీసా మీద పంపిస్తాననే ఏజెంటు ఈ మూడు రక్షణలనూ ఒకేసారి తీసేస్తున్నాడని గ్రహించండి.

ఇక భాష సంగతి. మదర్సాలో ఎనిమిదేళ్ళు అరబ్బీ చదివాను కదా అని ధీమాగా పోయాను. మొదటిరోజే ఒక చిన్నపిల్లవాడు "ష్‌లోనక్?" అంటే తెల్లముఖం వేశాను. "కైఫ హాలుక" నేర్చుకున్న నాకు అక్కడి వీధి అరబ్బీ కొత్త భాషే. ఇంకో ముచ్చట. కొత్తగా వచ్చిన మనవాళ్ళు రోడ్డుమీద అరబ్బీ అక్షరాలున్న కాగితం కనపడితే వంగి తీసి, కళ్ళకద్దుకుని, గోడమీద పెడతారు. నేనూ అలాగే ఒకటి తీశాను. కోడిగుడ్ల ధర తగ్గింపు ప్రకటన!

నమాజులోనూ చిన్న చిన్న తేడాలు. అసర్ అజాన్ మన లెక్కకంటే ముందే అవుతుంది. రంజాన్‌లో విత్ర్ రెండు సలాములతో చదివిస్తారు. పక్కవాడు గట్టిగా ఆమీన్ అంటే మొదట్లో ఉలిక్కిపడతాం, తర్వాత అలవాటవుతుంది. చాలా ఏళ్ళు అక్కడ పండుగ మనకంటే ఒకరోజు ముందు వస్తుంది. అతను ఈద్గా నుండి ఫోను చేసి "ఈద్ ముబారక్" అంటాడు, ఇక్కడ ఇల్లాలు ఉపవాసంతో ఉంటుంది. ఆమె ఏం బదులివ్వాలి? మరునాడు ఇక్కడ పండుగ, అతను డ్యూటీలో ఉంటాడు.

నా శిష్యుడి దినచర్య అడిగాను. ఫజర్ చదివి బండి కడగడం, ఆరున్నరకు పిల్లలను బడికి చేర్చడం, మార్కెట్టు, ఆసుపత్రి, మళ్ళీ బడి. ఇంటావిడను "మామా" అని, ఇంటాయనను "బాబా" అని పిలవాలి. సాయంత్రం దివానియాలో పెద్దలు కూర్చుంటే చాయ్ అందించడమూ అతనిదే. గేటు పక్కన గది. బాబా చెడ్డవాడు కాదట, పండుగకు బట్టలు పెడతాడు. "కానీ ఉస్తాద్, పద్నాలుగేళ్ళలో ఆ ఇంట్లో నేను కూర్చున్న కుర్చీ లేదు, బండి సీటు తప్ప" అన్నాడు.

బయట పనిచేసేవారిది వేరే కష్టం. జూన్ నుండి ఆగస్టు చివరివరకు ఉదయం 11 నుండి సాయంత్రం 4 దాకా ఎండలో పని చేయించరాదని నిషేధం ఉంది, అదొక్కటే కొంత ఊరట. గదుల సంగతి 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికుల భవనం అంటుకున్నప్పుడు లోకమంతా చూసింది. 45 మంది భారతీయుల భౌతికకాయాలతో మన వైమానిక దళం విమానం వచ్చింది. ఆ గదుల్లో మన ఆంధ్రవారూ ఉన్నారు.

భార్యాబిడ్డలను తీసుకుపొమ్మని చెప్పడం సులభమే. 2024 జనవరిలో కువైట్ కుటుంబ వీసాలు మళ్ళీ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు పెట్టిన షరతు నెలకు 800 దీనార్ల జీతం. డ్రైవరుకు, వంటవాడికి ఆ లెక్క అందేదేనా?

కాబట్టి అతని ఇల్లు ఇక్కడే. ఇక్కడే అతన్ని మెహమాన్ చేస్తున్నాం మనం. ఇందులో ప్రేమ లేదని కాదు, ప్రేమతోనే చేస్తున్నాం. వచ్చిన నాలుగు రోజులు సుఖపడనీ అని కప్పు కారుతున్న సంగతి చెప్పం. బెంగ పడతాడని పిల్లవాడి జ్వరం చెప్పం. అప్పు సంగతి చెప్పం, పెళ్ళి సంబంధం కుదిరాక చెబుతాం. డబ్బు పంపేవాడి దగ్గర డబ్బు తప్ప ఇంకేదీ అడగం. అతను అక్కడ కాగితం మీద పరాయివాడు, ఇక్కడ మర్యాద మీద పరాయివాడు. మొదటిదానికి మనం చేయగలిగింది తక్కువ. రెండోది మన చేతిలోనే ఉంది, వాళ్ళమ్మీతో నేను ఆ మాటే అన్నాను.

ఆమె పెద్దావిడ, నాకంటే వయసులో పెద్ద. మొదట కోపం వచ్చింది. "కన్నకొడుక్కి మంచి దుప్పటి వేయడం కూడా తప్పేనా మౌల్సాబ్?" అన్నారు. నేను బదులు చెప్పలేదు. మరునాడు అతను నిచ్చెన వేసుకుని కప్పు ఎక్కి పెంకులు సర్దుతుంటే కింద నిలబడి ఆమే అందిస్తున్నారు. ఆ వారంలోనే పెద్దపిల్ల కొత్త బడికి వెళ్ళి టీచరుతో మాట్లాడి వచ్చాడు. పప్పన్నం పెట్టారో లేదో నేను అడగలేదు.

ఆదివారం జొహర్ నాలుగు రకాతులు చదివి బయలుదేరాడు. ఊరి పొలిమేర దాటితే కసర్ మొదలవుతుందని గుర్తుచేశాను. రాత్రి బెంగుళూరు విమానాశ్రయం నుండి ఫోను వచ్చింది.

"ఉస్తాద్, అసర్ దారిలోనే చదివాను. రెండు రకాతులు" అన్నాడు.