నాగర్‌కర్నూల్‌లో కనిపించని గుర్తు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ నుంచి విడిపడి జిల్లా కేంద్రాలైన ఊళ్లు. లినక్స్ టెర్మినల్‌లో ఈ పేర్లను ‘బేస్64’ కమాండుకు ఇస్తే వరసగా 24, 28, 52 గుర్తులు వస్తాయి.

గద్వాల మన నోటికి మూడక్షరాలే: గ, ద్వా, ల. కంప్యూటరు దాచుకునేవి ఆరు: గ, ద, పొల్లు, వ, దీర్ఘం, ల. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు. ఆరు మూళ్లు పద్దెనిమిది.

బేస్64 ఆ మూడేసి బైట్లను, అంటే 24 బిట్లను, ఆరేసి బిట్ల చొప్పున నాలుగు ముక్కలు చేస్తుంది. ఆరు బిట్లకు 64 విలువలు: ఇంగ్లిష్ పెద్ద అక్షరాలు 26, చిన్నవి 26, అంకెలు 10, ప్లస్, స్లాష్. మూడు బైట్లు నాలుగు గుర్తులయ్యాయి కాబట్టి 18 కాస్తా 24 అయింది. ‘గ’ అయితే 4, ఎల్, సీ, ఎక్స్. తెలుగు గుర్తు ఏదైనా సరే, ‘4ఎల్‌సీ’తోనో ‘4ఎల్‌జీ’తోనో మొదలవ్వాల్సిందే.

పేరును ‘ఎకో’ కమాండుతో పంపితే చివర ఎంటర్ ఒక బైటుగా చేరుతుంది. 24 రావలసిన చోట 28 వస్తాయి, తోకలో రెండు ఈక్వల్ గుర్తులు. అందుకే ‘ప్రింట్‌ఎఫ్’ వాడాలి.

బేస్64కు మైనస్ డీ చేర్చి ఆ గుర్తులను ఇస్తే అసలు పేరు తిరిగొస్తుంది, ఎవరికైనా. పాస్‌వర్డును ఇలా మార్చి దాచామనుకోవడం ప్రమాదం.

నాకు ఈ కమాండు విలువైనదిగా తోచింది మాత్రం మూడో ఊరి దగ్గరే. ర్ పక్కన క వత్తుగా మారకుండా ఆపడానికి మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెడతాం. దానికీ 3 బైట్లే. అది ఉంటే 39 బైట్లు, 52 గుర్తులు. లేకుంటే 36 బైట్లు, 48 గుర్తులు, తెర మీద ‘నాగర్కర్నూల్’. దాని బదులు ఖాళీ వదిలి ‘నాగర్ కర్నూల్’ అని కొట్టినా మళ్లీ 52 గుర్తులే! కానీ ఈసారి చివర రెండు ఈక్వల్స్ ఉంటాయి. కనిపించని గుర్తు ఉన్న రూపంలో అయితే నాలుగేసి గుర్తుల ముక్కల్లో ఆరోది ‘4ఎల్’ కాకుండా ‘4ఓ’ అని విడిగా కనబడుతుంది.

మనిషికి ఒకే ఊరు, కంప్యూటరుకు మూడు. రెండు జాబితాలను ఊరి పేరుతో కలిపేటప్పుడు ఈ ఊరి మనుషుల వరసలు జత కలవకుండా మిగిలిపోయేది ఇలాంటి చోటే. అందుకే పోల్చే ముందు రెండు వైపులా ఆ కనిపించని గుర్తునూ ఖాళీనీ తీసేయాలి. అచ్చు వేసే ప్రతిలో మాత్రం గుర్తును ఉంచాలి.