ఇనుమును బలపరిచే ఒత్తిడి

దివ్యఖుర్ఆన్‌లోని 57వ సూరా పేరు ‘హదీద్’, అంటే ఇనుము. ఇనుములో గొప్ప శక్తి, మానవులకు ప్రయోజనాలు ఉన్నాయని ఆ సూరా 25వ ఆయత్ తెలుపుతోంది. ఆ శక్తి ఎక్కడ దాగి ఉన్నదో తెలుసుకోవడం కూడా సృష్టికర్త నిదర్శనాలను పరిశీలించడమే.

భైంసా వాసులకు ఇది దూరపు విషయం కాదు. పొరుగున ఉన్న నిర్మల్ ప్రాంతం, గోదావరి ఆవలి కోనసముద్రం ఒకప్పుడు మేలిరకం ఉక్కుకు ప్రసిద్ధి. మట్టి మూసల్లో కరిగించి తీసిన ఆ ఉక్కు ముద్దల కోసం పారశీక వర్తకులు కోనసముద్రానికి వచ్చేవారు. డమాస్కస్ ఖడ్గాలుగా లోకం ఎరిగిన కత్తులు ఇటువంటి ఉక్కుతోనే తయారయ్యేవి. ఆ ముద్దను కత్తిగా మలచడానికి తగుమాత్రపు వేడి, ఓపికతో వేసే సమ్మెట దెబ్బలు కావాలి. వేడి మితిమీరితే అది పగిలిపోయేది.

దీని వెనుక ఉన్న కారణమేమిటి? లోహం అసంఖ్యాకమైన స్ఫటిక రేణువుల కూర్పు. రేణువుల నడుమ పొలం గట్ల వంటి సరిహద్దులుంటాయి. లోహం వంగేటప్పుడు లోపలి అణువుల వరుసలు జారుతాయి. ఆ జారుడును గట్టు అడ్డుకుంటుంది. మడులు చిన్నవైతే గట్లు ఎక్కువ. అలాగే రేణువులు చిన్నవైతే లోహానికి బలం ఎక్కువ. 1951లో హాల్, 1953లో పెచ్ అనే శాస్త్రవేత్తలు ఈ సంబంధాన్ని వెల్లడించారు.

కాలిన ఇనుముపై సమ్మెట పడినప్పుడు పెద్ద రేణువులు నలిగి, వాటి స్థానంలో సన్నని కొత్త రేణువులు ఏర్పడతాయి. కొలిమిలో అతిగా ఉంచితే అవి మళ్లీ పెరిగి బలం తగ్గుతుంది. నేటి ప్రయోగశాలల్లో లోహపు బిళ్లను రెండు దిమ్మెల నడుమ వాతావరణ పీడనానికి పదివేల రెట్లకు మించిన ఒత్తిడితో అదిమి, మెలితిప్పుతారు. 1946లో నోబెల్ బహుమతి పొందిన బ్రిడ్జ్‌మన్ ఈ మార్గానికి ఆద్యుడు. రేణువులను నలిపేది మెలి. లోహం పగలకుండా కాపాడేది ఒత్తిడి. ఆ విధంగా రేణువులు మిల్లీమీటరులో పదివేలవ వంతు వరకు సన్నబడతాయి. అయితే బలం పెరిగినకొద్దీ సాగే గుణం సాధారణంగా తగ్గుతుంది. కనుక దేనికైనా కొలత అవసరం.

దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) కోసం అల్లాహ్ ఇనుమును మెత్తపరిచాడని, కవచపు కడియాలను సరైన కొలతతో అమర్చమని ఆదేశించాడని సూరా సబా తెలుపుతోంది. రాజ్యాధికారం ఉన్నా ఆయన తన చేతి కష్టార్జితంతోనే జీవించారని హదీసు చెబుతోంది.

కొలిమి పని చులకనైనదని మన పిల్లలు భావిస్తే, ఈ సంగతులు వారికి వివరించండి. మసిబారిన ఆ చేతులు ఒక ప్రవక్త వృత్తిని, ఒక లోతైన శాస్త్రాన్ని తరతరాలుగా మోసుకొచ్చాయి.